తాతల నాటి రికార్డు కోర్టులో నిలబడాలంటే

రెండేళ్ల కిందట ఒక పెద్దాయన గుడ్డసంచీ నిండా జిరాక్సులు పట్టుకుని మా ఇంటికొచ్చారు. తాతగారి నాటి ఆరెకరాలు. కూతురి పెళ్లికి అందులో కొంత అమ్ముదామని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్తే, ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందన్నారట. దేవాలయ మాన్యం అని కారణం చూపించారు. కోర్టులో కేసు వేసి, "పాత రికార్డులు తెండి" అన్న లాయరుగారి మాట మీద ఊళ్లో దొరికిన ప్రతి కాగితమూ పోగేశారు. సంచీలో నూట ఇరవై దాకా ఉన్నాయి. పనికొచ్చేవి నాలుగు. అసలు కావలసిన ఐదో కాగితం అందులో లేదు.

పాత రికార్డులు వెతికి లాయర్లకు అందించడం నా పని. నేను లాయరును కాను కాబట్టి కేసు ఎలా నడపాలో చెప్పను. ఏ కాగితం ఎక్కడ ఉంటుంది, ఎలా అడగాలి, ఎలా చదవాలి, దాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నంత వరకే చెబుతాను. ఈ పని ఓపికున్న ఎవరైనా చేసుకోవచ్చు.

ముందు ఒక పేజీ రాయండి

"ఈ భూమి మాదని రుజువు కావాలి" అని రికార్డు రూముకు వెళ్తే ఖాళీ చేతులతో తిరిగొస్తారు. గుమస్తా బీరువా తెరవాలంటే ఊరు, ఏడాది, రిజిస్టరు పేరు చెప్పాలి. అందుకని మీ లాయరుతో కూర్చుని, కేసు ఏ విషయం మీద ఆగిందో చిన్న చిన్న ప్రశ్నలుగా రాసుకోండి. పెద్దాయన కేసులో అవి మూడే. ఈ ఇనాం (పూర్వం పాలకులు బహుమానంగానో, సేవకు బదులుగానో ఇచ్చిన భూమి) మొదట ఎవరికిచ్చారు, గుడికా, మనిషికా? ఇనాంల రద్దు నాటికి సాగులో ఎవరున్నారు? ఆ మనిషికీ ఈయనకూ వరస ఏమిటి? ప్రతి ప్రశ్నలోనూ ఒక కాలం ఉంది చూశారా, ఏ రిజిస్టరు అడగాలో చెప్పేది అదే.

అదే పేజీలో ఊరు పేరు, శివారు పేరు, పాత సర్వే నంబరు, ఇప్పటి నంబరు రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే అయిన ఊళ్లలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. వాటికీ పాత సర్వే నంబర్లకూ పొంతన చూపే కాగితం ముందే తెచ్చుకోకపోతే తర్వాత పనంతా గాలిలో కట్టినట్టే. మనుషుల పేర్లు ఎన్ని రకాలుగా రాసే వీలుందో అన్నీ రాయండి. వెంకటసుబ్బయ్య ఒక చోట సుబ్బడు అవుతాడు, ఇంకో చోట ఇంటిపేరు మాత్రమే ఉంటుంది, దత్తత వెళ్తే ఆ ఇంటిపేరూ మారుతుంది.

ఆ రోజుల్లో మీ ఊరు ఎవరి కింద ఉండేది?

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఇప్పటి జిల్లా కలెక్టరేటులో అడిగి, లేదనిపించుకుని, ఆశ వదిలేస్తారు. జిల్లాలు ఎన్నిసార్లు చీలాయో చూడండి. ఒంగోలు తాలూకా మొదట నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1970లో ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అంటే ఒంగోలు పక్క పల్లె కాగితాల కోసం మూడు కలెక్టరేట్ల గడపలు తొక్కాల్సి రావచ్చు. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండి ఖమ్మానికి మారింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 వరకు బళ్లారి జిల్లావి. ఊరు ఏ ఏడాది ఏ జిల్లా కింద ఉందో ఒక చిన్న పట్టిక వేసుకోండి. అరగంట పనే అయినా వారాల తిరుగుడు తప్పుతుంది.

తర్వాత, పాలన ఎవరిదో తేల్చుకోవాలి. ఆంధ్ర, రాయలసీమ ప్రాంతాల్లో ఊరు రైతువారీదా (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టేది), జమీందారీదా, ఇనాం గ్రామమా? జమీందారీలు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయాయి, ఆ తర్వాతే ఆ ఊళ్లకు రైతువారీ సెటిల్‌మెంటు జరిగింది. తెలంగాణలో ఊరు దివానీదా (నేరుగా నిజాం ప్రభుత్వం కిందిది), జాగీరా (ప్రభువులకు రాసిచ్చినది), పాయగానా (నిజాం సైనిక ప్రభువులది), సంస్థానమా, నిజాం సొంత ఎస్టేటు అయిన సర్ఫెఖాస్‌లోదా? జాగీర్లు 1949లో రద్దయ్యాయి. దివానీ ఊరికి దొరికే పాత సర్వే రికార్డు జాగీరు ఊరికి దొరక్కపోవచ్చు. దొరకనంత మాత్రాన భూమి లేదని కాదు, ఆ రోజున అక్కడ ఆ రికార్డు తయారు చేసేవాళ్లు లేరేమో.

ఫసలీ లెక్క

పాత రిజిస్టర్లలో ఏడాది ఫసలీలో, అంటే శిస్తు లెక్కల కోసం వాడిన సంవత్సరంలో, ఉంటుంది. 590 కలిపితే ఇంగ్లీషు ఏడాది వస్తుందని అందరూ చెబుతారు. సగం నిజమే. మద్రాసు వైపు ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1358 అంటే 1948 జూలై నుంచి 1949 జూన్ వరకు. నిజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరు 6న, ఆజూర్ నెలతో మొదలయ్యేది. అదే 1358 అక్కడ 1948 అక్టోబరు నుంచి 1949 అక్టోబరు వరకు నడిచింది. నెలల పేర్లు కూడా వేరు: ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్ది, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. "1344 ఖుర్దాద్" అని ఉంటే అది 1934 కాదు, 1935 ఏప్రిల్ ప్రాంతం. ఒక చట్టం అమల్లోకి వచ్చిన రోజుకు ముందా వెనకా అన్న వాదనలో ఈ ఏడాది తేడా కేసునే తిప్పేస్తుంది. మీ పట్టికలో ఫసలీ తేదీ ఉన్నదున్నట్టు రాసి, పక్కనే ఇంగ్లీషు తేదీ వేయండి. అసలు తేదీని మాత్రం చెరిపేయొద్దు.

ఏ కాగితం ఎందుకు పుట్టింది

కాసేపు ఆగి చదవాల్సిన భాగం ఇది. ప్రతి రికార్డునూ ఎవరో ఒక అవసరానికి రాశారు, మన కేసు కోసం ఎవరూ రాయలేదు. రాసినవాడి అవసరం ఏమిటో తెలిస్తే ఆ కాగితం దేన్ని చెప్పగలదో, దేన్ని చెప్పలేదో తెలుస్తుంది.

ఆంధ్ర వైపు అడంగల్, తెలంగాణలో పహాణీ ఏటేటా పంట, శిస్తు లెక్క కోసం రాసినవి. ఆ ఏడు పొలంలో ఏముంది, ఎవరు దున్నారు అన్నదానికి మంచి సాక్ష్యం. హక్కు ఎవరిదన్నదానికి బలహీనమైన సాక్ష్యం. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. పైగా ఒకే ఏడాది పహాణీ చూపించి లాభం లేదు. వరసగా ఇరవై ఏళ్లవి తెస్తే, మధ్యలో ఏ ఏడు పేరు మారిందో, ఆ మార్పుకు ఏ ఉత్తర్వు ఆధారమో అడగొచ్చు. ఆధారం రాయకుండా మారిన పేరుంటే దాని చుట్టూ ఎర్ర గీత గీసుకోండి.

ఆంధ్ర వైపు ఆర్‌ఎస్‌ఆర్ అనే రీసెటిల్‌మెంటు రిజిస్టరు వేరే రకం. రెండు భాషల్లో అచ్చయింది కాబట్టి కొందరు డైగ్లాట్ అంటారు. బ్రిటిష్ ప్రభుత్వం పొలం పొలం కొలిచి, మట్టి తరగతి కట్టి, శిస్తు నిర్ణయించి అచ్చు వేయించిన పుస్తకం. పోరంబోకా (ప్రభుత్వ, ఉమ్మడి అవసరాలకు వదిలినది), ఇనామా, జిరాయితీయా (రైతు శిస్తు కట్టి సాగు చేసేది) అన్న వర్గీకరణకు రెవెన్యూ వాళ్లు ఇప్పటికీ దీన్నే ముందు తెరుస్తారు. పట్టాదారు గడిలో పేరుకు బదులు చుక్కలు ఉన్నవే "చుక్కల భూములు". ఆ చుక్కల వల్ల పడ్డ అవస్థలకు 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. జమీందారీ ఊళ్లలో ఆర్‌ఎస్‌ఆర్‌కు బదులు ఎస్‌ఎల్‌ఆర్ (సెటిల్‌మెంట్ ల్యాండ్ రిజిస్టరు), సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగాలి.

ఇనాం అయితే అసలు పునాది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ వేసి, ప్రతి ఇనాంనూ విచారించారు. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఏ పని కోసమిచ్చారు, ఇప్పుడు ఎవరనుభవిస్తున్నారు అని గడులు పెట్టి రాసి, టైటిల్ డీడ్ నంబరు ఇచ్చారు. బ్రిటిష్ కాలపు చివరి అప్పీలు కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ కాలం నుంచి కోర్టులు ఈ రిజిస్టరుకు బాగా విలువ ఇస్తున్నాయి. పెద్దాయన సంచీలో లేని ఐదో కాగితం ఇదే. గుడికిచ్చిన మాన్యానికీ, గుడిలో పని చేసే మనిషికిచ్చిన దానికీ, ఉత్తినే మనిషికిచ్చిన దానికీ చట్టం దృష్టిలో చాలా తేడా. ఊళ్లో అందరూ "గుడి మాన్యం" అనడం ఈ మూడింటినీ కలిపేస్తుంది. ఎదుటి పక్షం దేవాదాయ శాఖ అయితే, 1987 దేవాదాయ చట్టం 43వ సెక్షన్ కింద వాళ్లు పెట్టే రిజిస్టరు కాపీ కూడా తెచ్చుకోండి. అందులోని విస్తీర్ణం ఇనాం రిజిస్టరుతో కలుస్తోందా లేదా అన్నది మొదట చూడాల్సిన సంగతి.

తెలంగాణలో సేత్వార్‌తో మొదలుపెట్టండి. సర్వే శాఖ కొలత పూర్తయ్యాక తయారు చేసిన మూల రికార్డు అది. తర్వాత ఉపవిభాగాల కోసం వసూల్ బాకీ, మార్పుల కోసం ఫైసల్ పట్టీ, కొలతల కోసం టిప్పన్. 1954-55 ఖాస్రా పహాణీకి మామూలు పహాణీ కంటే ఎక్కువ బరువుంది. 1358 ఫసలీ నాటి రికార్డ్ ఆఫ్ రైట్స్ రెగ్యులేషన్ కింద ఇంటింటికీ, పొలం పొలానికీ తిరిగి చేసిన రికార్డు కావడమే కారణం. ఆ వెంటనే 1955-58 చెస్సల పహాణీ. రక్షిత కౌలుదారు గొడవ ఉంటే 1950 కౌలుదారీ చట్టం కింది రిజిస్టర్లు, కౌలుదారుకు యాజమాన్య హక్కు ఇచ్చిన 38-ఈ సర్టిఫికెట్ ఫైళ్లు చూడాలి. జాగీరు, ఇనాంల వారసత్వానికి ముంతఖబ్ (వారసత్వాన్ని గుర్తించే ఉత్తర్వు), అతియాత్ కోర్టు (ఇనాంల విచారణ కోర్టు) ఫైళ్లు చూడాలి. ఖారిజ్ ఖాతా, శికం, కంచె, లావుణి వంటి మాటలకు అర్థం తెలియకుండా ఈ కాగితాలు చదవొద్దు. ఖారిజ్ ఖాతా అంటే ప్రభుత్వ భూమి అన్న సంగతి తెలియక, ఆ కాగితాన్నే తన పట్టాగా కోర్టులో వేసుకున్న మనిషిని చూశాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సాక్ష్యం ఇంకొకటుంది. మీ పక్క పొలం వాళ్ల పాత దస్తావేజులు. అందులో చెక్కుబందీ రాసేటప్పుడు "తూర్పు: ఫలానా వారి పొలం" అని మీ తాత పేరుంటే, ఆ రాతకు మీ కుటుంబం మీద ప్రేమా లేదు, ద్వేషమూ లేదు. 1938లో ఎవరో అమ్ముకుంటూ హద్దు చెప్పుకున్నారు, అంతే. అలాంటివి మూడు దిక్కుల నుంచి మూడు దొరికితే మీ సొంత కాగితాల కంటే గట్టిగా మాట్లాడతాయి. అలాగే కాలువలకు, రైలు మార్గాలకు భూమి తీసుకున్నప్పటి అవార్డులు. పరిహారం ఎవరికిచ్చారో పేరు, విస్తీర్ణం, వాటా అన్నీ ఉంటాయి. ఎవరూ వెతకరు కాబట్టి చెక్కుచెదరకుండా కూడా ఉంటాయి.

ఎక్కడ, ఎలా అడగాలి

ఒకే రికార్డు ఒక్క చోటే ఉండేది కాదు. ఊళ్లో కరణం లేదా పట్వారీ దగ్గర ఒకటి, తాలూకాలో ఒకటి, జిల్లాలో ఒకటి, కొన్నిటికి సర్వే శాఖలో మరొకటి ఉండేవి. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయినప్పుడు ఊళ్లలోని పుస్తకాలు కొన్ని ఆఫీసులకు చేరాయి, కొన్ని ఇళ్ల అటకలెక్కాయి. కాబట్టి "మా దగ్గర లేదు" అన్న జవాబుతో ఆగకండి. అదే ఆఫీసు మాట కాగితం మీద తీసుకోండి. "వెతికినా రికార్డు లభ్యం కాలేదు" అన్న ఎండార్స్‌మెంటు కూడా ఒక సాక్ష్యమే. అసలు పోయిందని చూపించి, ద్వితీయ సాక్ష్యానికి (అసలుకు బదులు నకలు లాంటిది) అనుమతి అడగడానికి అదే ఆధారం.

వరస ఇలా పెట్టుకుంటే తిరుగుడు తగ్గుతుంది. తహసీల్దారు ఆఫీసులో పహాణీ, అడంగల్, ఆర్‌ఓఆర్ (హక్కుల రికార్డు). సర్వే ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), గ్రామపటం, టిప్పన్, సేత్వార్. కలెక్టరేటు రికార్డు రూములో ఇనాం, ఎస్టేటు రద్దు ఫైళ్లు. సబ్ రిజిస్ట్రారు దగ్గర దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం). కంప్యూటర్ ఈసీ చాలా చోట్ల 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది చేత్తో ఇండెక్సు తిప్పి వెతకాలి. పేర్ల ఇండెక్సు, ఆస్తి ఇండెక్సు రెండూ తిప్పించండి. ఆ ఊరు అప్పట్లో ఏ సబ్ రిజిస్ట్రీ కింద ఉందో కూడా కనుక్కోండి. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకం ఎవరైనా చూడొచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ఆ హక్కు ఇస్తుంది. జిల్లా కోర్టు రికార్డు రూములో పాత దావాల తీర్పులు, డిక్రీలు. వాంగ్మూలాలు గడువు తీరాక నాశనం చేస్తారు కాబట్టి వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

ఆర్కైవ్స్ సంగతి వేరు. హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో 1406 నాటి ఫిరోజ్ షా బహమనీ ఫర్మానా నుంచి నిజాం శాఖల ఫైళ్ల దాకా ఉన్నాయి. చాలావరకు పారశీకం, ఉర్దూలో. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్, ఎస్టేటు కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాల్సి రావచ్చు. ఆ బోర్డు ప్రొసీడింగ్స్ నకళ్లు లండన్‌కూ పంపేవాళ్లు, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇంగ్లండులో ఉన్న మేనల్లుడికో మేనకోడలికో ఒక రోజు సెలవు పెట్టించి పంపితే పనైపోయిన సందర్భాలున్నాయి. వెళ్లే ముందు ఫోను చేసి గుర్తింపు కార్డు, లాయరు ఉత్తరం, ఫోటోలకు అనుమతి సంగతి కనుక్కోండి.

దరఖాస్తులో ఒక కాగితానికి ఒక్కటే అడగండి. "ఫలానా తాలూకా, ఫలానా గ్రామం, సర్వే నంబరు ఇంత, ఫసలీ ఇంత నుంచి ఇంత వరకు అడంగల్ సర్టిఫైడ్ కాపీ ఇప్పించ ప్రార్థన" అంటే చాలు. మీ కష్టాల కథ అందులో రాయొద్దు, చదివేవాళ్లకు టెన్షన్ తప్ప లాభం లేదు. రశీదు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. రికార్డు ఉందో లేదో, ఎన్ని పేజీలో తెలుసుకోవడానికి, ఫైలు కళ్లారా చూడటానికి సమాచార హక్కు చట్టం బాగా పనికొస్తుంది. 30 రోజుల్లో జవాబు రావాలి. కాని ఆర్‌టీఐలో వచ్చిన జిరాక్సుతోనే కోర్టుకు వెళ్లకండి. ఉందని తేలాక సర్టిఫైడ్ కాపీకి విడిగా దరఖాస్తు పెట్టండి.

ఒక మాట చెప్పక తప్పదు. ఏ ఆఫీసు బయటైనా "కావలసిన రికార్డు తయారు చేసి ఇస్తాం" అనేవాళ్లు తగులుతారు. వాళ్లతో టీ కూడా తాగొద్దు.

చదవడం

కరణాల గొలుసుకట్టు రాత మొదటి రోజు ఒక్క ముక్క కూడా అర్థం కాదు. ముందు మీకు తెలిసిన మాటల్ని వెతకండి: ఊరి పేరు, మీ ఇంటిపేరు. ఆ అక్షరాలు ఎలా రాశాడో చూసి, అదే చేతిరాతలో మిగతావి పోల్చుకోండి. తెలుగు అంకెలు, పాతిక, పరక గుర్తులు పక్కన రాసి పెట్టుకోండి. డబ్బు రూపాయి, అణా, పైలలో ఉంటుంది: 16 అణాలు ఒక రూపాయి, 12 పైలు ఒక అణా. నిజాం వైపు "హాలీ" రూపాయి వేరు, ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం. విస్తీర్ణం తెలంగాణలో ఎకరాలు, గుంటలు, ఆంధ్రలో ఎకరాలు, సెంట్లు. 3-20 అంటే అక్కడ మూడున్నర ఎకరాలు, ఇక్కడ మూడెకరాల ఇరవై సెంట్లు. ఈ ఒక్క పొరపాటుతో దావాలో విస్తీర్ణం తప్పుపడ్డ కేసులున్నాయి.

చివరి గడి, అంటే రిమార్కుల గడి, ముందు చదవండి. అసలు కథ తరచూ అక్కడే ఇరుకుగా రాసి ఉంటుంది. పై పేజీ, కింది పేజీ కూడా ఫోటో తీయండి. మీ సర్వే నంబరున్న వరసలో "సదరు" అని ఉంటే, ఆ సదరు ఎవరో పై వరసల్లోనే తెలుస్తుంది. ఉర్దూ కాగితానికి ఇద్దరు వేరు వేరు మనుషులతో అనువాదం చేయించి పోల్చండి. షికస్తా అనే గొలుసుకట్టు ఉర్దూ రాతలో చుక్కలు ఎగిరిపోతాయి, ఒక పేరు ఇంకో పేరుగా కనిపిస్తుంది.

ఇది నిజమైనదేనా?

మీ కాగితాన్నీ, ఎదుటివాళ్ల కాగితాన్నీ ఒకే అనుమానంతో చూడండి. మీది అనుకుని కళ్లు మూసుకుంటే, ఆ పని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయరు చేస్తాడు.

కాలానికి అతకని మాట వెతకడం తేలికైన పరీక్ష. మండలాలు 1985లో వచ్చాయి. 1970 నాటి దస్తావేజులో "మండలం" ఉంటే ఆలోచించాలి. రంగారెడ్డి జిల్లా 1978లో పుట్టింది. 1971 కాగితంలో "ప్రకాశం జిల్లా" ఉండకూడదు. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 1950 నాటి శిస్తు రశీదులో 75 పైసలుంటే అది ఎలా సాధ్యం? స్టాంపు కాగితం మీద రాజు బొమ్మ చూడండి. ఆరో జార్జి 1936 చివర్లో గద్దెనెక్కాడు. 1920 నాటి ఒప్పందం ఆయన బొమ్మ మీద రాసి ఉండటం కుదరదు. 1930 నాటి కాగితం మీద బాల్‌పెన్ గీతలు కూడా అంతే. స్టాంపు వెనక అమ్మినవాడి వరస నంబరు, తేదీ, కొన్నవాడి పేరు ఉంటాయి. కొన్న తేదీ రాసిన తేదీ కంటే తర్వాతిదైతే ఆ కథ అక్కడితో సరి.

తొందరపడొద్దు కూడా. 1925 నాటి దస్తావేజుకు 1965లో తీసుకున్న నకలు మీద ఆంధ్రప్రదేశ్ ముద్ర ఉంటుంది, అది దొంగది కాదు. చిరిగిన రిజిస్టరును గుమస్తా తిరిగి రాసినప్పుడు కొత్త సిరా కనిపిస్తుంది. కొత్తగా రాసిన వరస ముందూ వెనకా ఉన్న వరసలతో కలుస్తోందా, పేజీ నంబర్లు తెగాయా, ఆ సర్వే నంబరు దగ్గర మాత్రమే చేతిరాత మారిందా అని చూడాలి. అనుమానం ఉంటే అదే రికార్డు ఇంకో ఆఫీసు కాపీతో పోల్చండి. రెండు కాపీలూ ఒకే చోట మారడం అరుదు.

ఎర్ర గీతలూ, దొరకని ఏళ్లూ కూడా మీ పట్టికలో ఉండాలి. తేదీ, రికార్డు, ఎక్కడ దొరికింది, ఏం చెబుతోంది, మనకు అనుకూలమా వ్యతిరేకమా అని అయిదు గడులు చాలు. వ్యతిరేకమైనవి దాచిపెట్టి లాయరుకు ఇవ్వకపోవడం నేను చూసిన అన్ని తప్పుల్లోకీ ఖరీదైనది.

కోర్టుకు చేర్చేటప్పుడు

2024 జూలై 1 నుంచి 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఆ రోజుకే నడుస్తున్న కేసులు పాత చట్టం కిందే సాగుతాయి. అందుకే లాయర్ల నోట రెండు నంబర్లూ వింటారు. ప్రభుత్వ రికార్డుల సర్టిఫైడ్ కాపీలకు పాతది 76, కొత్తది 75. ముప్పై ఏళ్లు దాటిన కాగితానికి పాతది 90, కొత్తది 92. మొబైల్ ఫోటోలు, స్కాన్లు, ఆన్‌లైన్ ప్రింట్లకు పాతది 65బి, కొత్తది 63, దానికి సర్టిఫికెట్ జత చేయాలి.

సర్టిఫైడ్ కాపీ చేతికి రాగానే కౌంటరు దగ్గరే చూసుకోండి. కింద "నిజమైన నకలు" అన్న మాట, తేదీ, అధికారి సంతకం, పేరు, హోదా, ముద్ర ఉన్నాయా? ఒక్కటి లేకపోయినా అక్కడే వేయించుకోండి. ఇంటికెళ్లాక గుర్తొస్తే ఇంకో నెల.

ముప్పై ఏళ్ల నియమం గురించి ఊళ్లలో పెద్ద అపోహ ఉంది. పాతదైతే చాలు, అందులో ఉన్నదంతా నిజమైపోతుందని అనుకుంటారు. కోర్టు తలచుకుంటే ఆ సంతకం, ఆ రాత ఆ మనిషివేనని అనుకోవచ్చు, అంతవరకే. అందులోని విషయం నిజమా కాదా వేరే తేల్చాలి. అసలు కాగితానికే ఆ వెసులుబాటు, జిరాక్సుకు లేదు. పైగా అది ఉండాల్సిన చోటే ఉండి రావాలి. అందుకని ఇంట్లో పాత దస్తావేజు దొరికితే ఎవరి పెట్టెలో, ఎప్పుడు, ఎవరి ఎదుట దొరికిందో ఆ రోజే రాసి పెట్టుకోండి. లామినేషన్ చేయించొద్దు, పిన్ను గుచ్చొద్దు, దాని మీద పెన్నుతో ఏమీ రాయొద్దు. బూజు పట్టిన కాగితాన్ని ఎండలో పెట్టకుండా నీడలో ఆరనిచ్చి, పలచని గుడ్డలో చుట్టండి.

వంశవృక్షానికి కూడా కాగితం కావాలి. బడి అడ్మిషన్ రిజిస్టరు, జనన మరణ రిజిస్టరు, పెన్షన్ ఫైలు, పాత దావాలో పక్షాల వివరం, వీటిలో ఏవైనా రెండు కలిస్తే బాగుంటుంది. పెద్దవాళ్లు చెప్పేది రికార్డు చేయండి, తొందరగా చేయండి. ఎనభై ఐదేళ్ల అత్తయ్య జ్ఞాపకం ఏ రికార్డు రూములోనూ దొరకదు.

పాత జిల్లా మాన్యువల్స్, గెజిటీర్లు చరిత్ర నేపథ్యానికి పనికొస్తాయి, కోర్టు వాటిని చూడొచ్చు. కాని "ఈ సర్వే నంబరు ఎవరిది" అన్న ప్రశ్నకు అవి జవాబు కాలేవు. వాటిని మొదటి పేజీలో పెట్టి, అసలు కాగితాల్ని వెనక్కి తోస్తే జడ్జిగారి ఓపిక వృథా.

పెద్దాయన ఇనాం రిజిస్టరు కాపీ నాలుగు నెలలకు దొరికింది. ఆరెకరాల్లో నాలుగున్నర వాళ్ల పూర్వీకుడికి వ్యక్తిగతంగా ఇచ్చిన ఇనాం. మిగతా ఎకరంన్నర మాత్రం గుడిలో చేసే సేవకు ఇచ్చినది, అది స్పష్టంగా రాసి ఉంది. ఆయన మొహం చిన్నబోయింది. లాయరుగారు కాగితాన్ని రెండుసార్లు చదివి, దావాలో ఆ ఎకరంన్నర విషయం విడిగా రాయాలని గుమస్తాను పిలిచి, షెడ్యూలు మార్చమన్నారు.